గోదాము మారింది, పాలసీలో చిరునామా మారలేదు

వ్యాపారులకు, సేవా సంఘాలకు బీమా సలహాలు

వానలకు ముందు వచ్చే ఉత్తరాలు వేరు, వానలు వెళ్లాక వచ్చేవి వేరు. ముందు రాసేవారు ప్రీమియం ఎంతవుతుందని అడుగుతారు. తర్వాత రాసేవారు క్లెయిమ్ ఎందుకు ఇవ్వనన్నారని అడుగుతారు. ఈసారి రెండో రకమే ఎక్కువ. క్లెయిముల విభాగంలో ఉద్యోగం చేసిన కాలంలో నా బల్ల మీదికి వచ్చిన తిరస్కరణల్లో మోసాలు కొన్నే. మిగిలినవాటిలో కాగితం మీద ఉన్న వ్యాపారం ఒకటి, నేల మీద ఉన్న వ్యాపారం మరొకటి. ఈ నెల ప్రశ్నలన్నీ ఆ తేడా చుట్టూనే ఉన్నాయి.

ప్రశ్న: మాది జంపఖానాల టోకు వ్యాపారం. ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) ఇచ్చిన బ్యాంకే ఏటా మా ఖాతాలోంచి ప్రీమియం కోసి బీమా చేయిస్తుంది. పాలసీ కాగితం మేమెప్పుడూ చూడలేదు. రెండేళ్ల కిందట గోదామును పక్క వీధిలోకి మార్చాం. మొన్నటి వానలకు నడుము లోతు నీళ్లు వచ్చి నూలు, తయారైన సరుకు కలిపి 6 లక్షల రూపాయల విలువైనది పాడైంది. సర్వేయరు వచ్చి చూసి, ఈ గోదాము పాలసీలో లేదన్నారు. పైగా మా దగ్గర 20 లక్షల సరుకు ఉంటే బీమా 10 లక్షలకే ఉందట. ఇక మాకు దారి లేదా మేడం?
— ఒక వ్యాపారి, కొత్తవాడ, వరంగల్

జవాబు: దారి ఉంది, కానీ సులువైనది కాదు. ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. సర్వేయరు నష్టాన్ని అంచనా వేసి నివేదిక ఇస్తారు. క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది బీమా కంపెనీ. తిరస్కరిస్తే కారణం చూపుతూ కాగితం మీద చెప్పాలి. కాబట్టి సర్వేయరు నోటిమాటతో వెనక్కి తగ్గకండి. నివేదిక నకలు కావాలని కంపెనీకి ఉత్తరం రాయండి, ఆ ఉత్తరం అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇక అసలు చిక్కు చిరునామా. అగ్ని ప్రమాద పాలసీ (వరద నష్టం కూడా సాధారణంగా ఇందులోనే వస్తుంది) మీ సరుకు ఎక్కడ ఉంటే అక్కడికి మీ వెంట రాదు. ఫలానా డోరు నంబరులో ఉన్న సరుకుకే అది వర్తిస్తుంది. కంపెనీ ఈ వాదన చేస్తే దానికి బలం ఉంటుంది, కాదని మీకు ధైర్యం చెప్పలేను. అయితే మీ చేతిలో ఉన్న ఆధారాలు ఏమిటో ఈ రోజే వెతకండి. ప్రతి నెలా బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో కొత్త గోదాము చిరునామా రాశారా? బ్యాంకు అధికారి తనిఖీకి వచ్చి కొత్త గోదాములో సంతకం చేశారా? జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఈ గోదామును అదనపు వ్యాపార స్థలంగా చేర్చారా? అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నాయి? మార్పు బ్యాంకుకు తెలుసునని వీటిలో రెండైనా చెబితే, బీమా కంపెనీతో పాటు బ్యాంకును కూడా అడగవచ్చు. ప్రీమియం కోసింది బ్యాంకు, పాలసీ తీసింది బ్యాంకు. చిరునామా మారిన సంగతి తెలిసీ కంపెనీకి ఎందుకు చెప్పలేదో బ్రాంచి మేనేజరును లిఖితపూర్వకంగా అడగండి. పాలసీ పూర్తి నకలు కూడా ఆ ఉత్తరంలోనే అడగండి. ఖాతాలోంచి పోయిన ప్రీమియం మీ డబ్బు. ఆ డబ్బుతో ఏం కొన్నారో చూసే హక్కు మీకుంది.

రెండో చిక్కు బీమా మొత్తం. ఇది చాలామందికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. 20 లక్షల సరుకుకు 10 లక్షల బీమా చేస్తే, మిగిలిన సగానికి మీకు మీరే బీమా కంపెనీ అని లెక్క. అందుకే 6 లక్షలు నష్టపోతే 3 లక్షలే వస్తాయి. అందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం, తీసేస్తారు. తడిసిన సరుకుకు వచ్చే అమ్మకం ధర కూడా లెక్కలో తగ్గుతుంది. నష్టం బీమా మొత్తం లోపలే ఉంది కదా, పూర్తిగా ఇవ్వాలి కదా అని అడిగేవారికి జవాబు ఇదే. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో కొంత వెసులుబాటు ఉంది. ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల రూపాయలు దాటని వ్యాపారాలకు ఈ పాలసీ ఇస్తారు. ఇందులో బీమా కొరత 15 శాతం లోపు ఉంటే కోత పెట్టరు. అంటే 20 లక్షల సరుకుకు 17 లక్షల బీమా ఉంటే మీకు కోత ఉండేది కాదు. మీ కొరత 50 శాతం.

సరుకు విలువ ఎప్పుడు లెక్కేయాలి? సంవత్సరంలో గోదాము నిండుగా ఉండే నెలను చూడాలి. పెళ్లిళ్ల సీజనుకు ముందు, ఎగ్జిబిషన్లకు ముందు మీ దగ్గర ఎంత ఉంటుందో అదే బీమా మొత్తం కావాలి. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీటు చూసి రాయిస్తే తప్పకుండా తక్కువ పడుతుంది.

తడిసిన నూలును పారేయకండి. దుర్వాసన వస్తోందని మున్సిపాలిటీ బండికి ఎత్తేసి, తర్వాత నష్టం నిరూపించలేక ఏడ్చిన వ్యాపారులను చూశాను. తడిసినది, తడవనిది వేరు చేయండి. ఆరబెట్టగలిగింది ఆరబెట్టండి. ఉన్న సరుకును కాపాడుకునే ప్రయత్నం చేయడం పాలసీ ప్రకారం మీ బాధ్యత కూడా. గోడ మీద నీటి గుర్తు కనిపించేలా, అట్టల మీద లాటు నంబర్లు కనిపించేలా ఫొటోలు తీయండి. కొనుగోలు బిల్లులు తడిస్తే, అమ్మిన మిల్లు నుంచి నకళ్లు తెప్పించుకోండి. వారి జీఎస్టీ రిటర్నుల్లో అవన్నీ ఉంటాయి.

వచ్చే ఏటి పాలసీలో మీరు సరుకు ఉంచే గోదాములు, దుకాణం అన్నీ కలిపి ఫ్లోటర్ పద్ధతిలో రాయించుకోండి. అప్పుడు సరుకు ఒక చోటి నుంచి మరో చోటికి మారినా, పాలసీలో రాసిన ఆ స్థలాల్లో ఎక్కడున్నా రక్షణ ఉంటుంది. వరద కవరు ఉందో లేదో కూడా చూడండి. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో వరద, తుపాను లోపలే ఉంటాయి. పాత తరహా పాలసీల్లో వాటిని తీసేయించి ప్రీమియం తగ్గించుకునే వీలుండేది. మన ప్రాంతంలో ఆ పని ఇక ఎవరూ చేయకూడదు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మా వీధికి నీళ్లు రావు అనే మాటకు ఆ తర్వాత అర్థం లేదు.

ప్రశ్న: మాది రిజిస్టరు చేయించుకున్న సేవా సంఘం. మేడారం జాతరకు వచ్చే భక్తులకు మూడు రోజులు అన్నదానం చేస్తాం. నలభై మంది వాలంటీర్లు, ఎక్కువగా డిగ్రీ విద్యార్థులు. సామాను, మనుషులు అందరం ఒకే డీసీఎంలో హన్మకొండ నుంచి వెళ్తాం. మేము లాభం కోసం చేయడం లేదు కదా, మాకు బీమా అవసరమా?
— సంఘం కార్యదర్శి, హన్మకొండ

జవాబు: మీ సేవకు నమస్కారం. కానీ మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది డీసీఎం. దాని గురించే ముందు చెబుతాను.

డీసీఎం సరుకుల వాహనం. దానికి ఉన్న థర్డ్ పార్టీ బీమా, దారిన పోయేవారికి, ఎదుటి వాహనంలోని వారికి, సరుకుతో పాటు వెళ్లే సరుకు యజమానికి లేదా ఆయన మనిషికి వర్తిస్తుంది. బియ్యం బస్తాల మీద కూర్చున్న నలభై మంది పిల్లలకు వర్తించదు. తాడ్వాయి అడవి మలుపుల్లో, జాతర రద్దీలో, రాత్రి పూట ఆ బండి బోల్తా పడితే బీమా కంపెనీ తప్పుకుంటుంది. భారం వాహన యజమాని మీద పడుతుంది. ఆయనకు ఆ ఒక్క బండి తప్ప ఆస్తి లేకపోతే, బాధిత కుటుంబాలు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ తీర్పు చేతపట్టుకుని తిరగడమే మిగులుతుంది. మీ సంఘాన్ని కూడా ప్రతివాదిగా చేర్చే అవకాశం ఉంది. దయచేసి సామానును డీసీఎంలో పంపండి, పిల్లలను ఆర్టీసీ బస్సులో పంపండి. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. ఈ ఒక్క మార్పు ఏ పాలసీ కన్నా ఎక్కువ రక్షణ ఇస్తుంది.

వాలంటీర్లు మీ ఉద్యోగులు కారు. కాబట్టి ఉద్యోగుల పరిహార పాలసీ వారికి పనికిరాదు. వారికి కావలసింది గ్రూపు వ్యక్తిగత ప్రమాద బీమా. పేర్లు, వయసులు, తేదీలు ఇస్తే తక్కువ రోజులకు కూడా కంపెనీలను అడగవచ్చు. వైద్య ఖర్చుల కవరు కలిపి తీసుకోండి. కాలిన గాయాలు, కత్తి కోతలు వంటశాలలో జరిగేవి. మరణానికి మాత్రమే డబ్బు ఇచ్చే పాలసీతో ఆస్పత్రి బిల్లు తీరదు.

దానితో పాటు ప్రతి వాలంటీరుకూ బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరారో లేదో అడగండి. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వారికి ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు. ఏటా జూన్ 1 నుంచి మే 31 వరకు వర్తిస్తుంది. ఖాతాలో ఆ 20 రూపాయలు లేక పాలసీ ఆగిపోయినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. మేడారం వెళ్లే ముందు ఫోన్లలో ఖాతా చూసుకోమనండి.

ఇక అన్నం తిన్నవారి సంగతి. భోజనం వికటించి వంద మంది ఆస్పత్రి పాలైతే, గ్యాస్ సిలిండర్ అంటుకుని పక్క గుడారం కాలితే, అడిగేది మిమ్మల్నే. ఉచితంగా పెట్టాం అన్నది మంచి మనసుకు గుర్తు, చట్టం ముందు పూర్తి జవాబు కాదు. ఇందుకు పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటుంది. తీసుకునేటప్పుడు ఆహారం వల్ల కలిగే హాని కూడా ఉండాలని స్పష్టంగా అడిగి రాయించండి, చాలా పాలసీల్లో అది విడిగా చేర్చాల్సిన అంశం. స్థలం మేడారం అని, తేదీలు ఇవీ అని అందులో కనిపించాలి. హన్మకొండ కార్యాలయం చిరునామా మాత్రమే ఉంటే పైన జంపఖానాల వ్యాపారికి వచ్చిన కష్టమే మీకూ వస్తుంది.

పాలసీతో పాటు చేయాల్సినవి కూడా ఉన్నాయి. సిలిండర్లు గుడారం బయట నిలబెట్టి ఉంచండి. రబ్బరు గొట్టాలు ప్రతి జాతరకూ కొత్తవి కొనండి. వండిన ప్రతి వంటకం నుంచి కొంచెం తీసి, తేదీ, సమయం రాసి మూతపెట్టి ఉంచండి. తర్వాత అనుమానం వస్తే పరీక్షకు అదే ఆధారం. నీళ్లు ఏ ట్యాంకరు నుంచి ఎప్పుడు వచ్చాయో ఒక నోటుపుస్తకంలో రాయండి.

ప్రశ్న: మాది రైతు ఉత్పత్తిదారుల సంస్థ. సభ్యుల మిర్చి బస్తాలు ఏనుమాముల మార్కెట్ దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీలో పెడతాం. స్టోరేజీకి బీమా ఉందని యజమాని చెబుతారు. అది మాకు సరిపోతుందా?
— డైరెక్టరు, నర్సంపేట

జవాబు: ఆయన బీమా ఆయన కోసం తీసుకున్నది. భవనం, యంత్రాలు మాత్రమే అందులో ఉండవచ్చు. సరుకు కూడా ఉంటే, అది తన దగ్గర నమ్మకంగా ఉంచిన ఇతరుల సరుకు అన్న మాట పాలసీలో ఉండాలి. ఆ మాట లేకపోతే మీ బస్తాలు లెక్కలోకి రాకపోవచ్చు. ఉన్నా మొత్తం చాలాలి. లక్ష బస్తాలు పట్టే స్టోరేజీకి సగం విలువకే బీమా ఉంటే, పై జవాబులో చెప్పిన కోత ఇక్కడ రైతుల మీద పడుతుంది. నకలు చూపించమని అడగండి. చూపించడానికి ఇష్టపడని చోట మిర్చి పెట్టకండి అనే నా సలహా.

మరో సంగతి. మంటల వల్ల కాకుండా, యంత్రం పాడై లేదా కరెంటు పోయి చల్లదనం తగ్గి కాయ రంగు మారితే అగ్ని ప్రమాద పాలసీ ఇవ్వదు. ఉష్ణోగ్రత మార్పు వల్ల కోల్డ్ స్టోరేజీ సరుకుకు కలిగే నష్టాన్ని అందులో మినహాయిస్తారు. దానికి సరుకు క్షీణత పాలసీ అని విడిగా ఉంది, యంత్రాల బ్రేక్‌డౌన్ పాలసీతో ముడిపడి ఉంటుంది. చపాటా మిర్చికి ధర పలికేది రంగు చూసే కాబట్టి మీకు ఇది ముఖ్యం.

మీ సంస్థ పేరుతో, సభ్యుల సరుకు అని రాయించి, ఆ స్టోరేజీ చిరునామాతో సొంత పాలసీ తీసుకోవడం మేలు. ఏ సభ్యుడివి ఎన్ని బస్తాలో, ఏ గదిలో, ఏ లాటులో ఉన్నాయో మీ పుస్తకంలోనూ స్టోరేజీ రసీదులోనూ ఒకే విధంగా ఉండాలి. లోపలికి పెట్టిన బరువు రసీదు మీద తప్పక రాయించుకోండి.

ప్రశ్న: మా పొదుపు సంఘంలో రోజూ లక్ష రూపాయల దాకా వసూలవుతుంది. గుమాస్తా నమ్మకస్తుడే. అయినా సభ్యులు బీమా చేయించమంటున్నారు. చేయిస్తే ఆయన నొచ్చుకుంటాడేమో.
— అధ్యక్షురాలు, హుజురాబాద్

జవాబు: అమ్మా, మనిషి పేరున కాకుండా ఉద్యోగం పేరున చేయించండి. గుమాస్తా, వసూలు చేసేవారు, మేనేజరు అని. అప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు. దీన్ని ఫిడిలిటీ గ్యారంటీ పాలసీ అంటారు. ఉద్యోగి మోసం వల్ల సంఘం పోగొట్టుకున్న డబ్బుకు ఇది వర్తిస్తుంది. ఎన్నికైన పాలకవర్గ సభ్యులు ఉద్యోగులు కారు, వారు డబ్బు ముట్టుకుంటే ఆ సంగతి కంపెనీకి ముందే చెప్పి రాయించాలి. ప్రతిపాదన పత్రంలో రోజూ నగదు సరిచూస్తాం, చెక్కులపై ఇద్దరు సంతకం చేస్తాం అని రాస్తే నిజంగా అలాగే చేయాలి. రాసింది ఒకటి, చేసింది ఒకటి అయితే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది.

దొంగలు పడితే వచ్చేది వేరే పాలసీ. అందులో తాళం పగలగొట్టిన, తలుపు విరిచిన గుర్తు ఉండాలి. బ్యాంకుకు తీసుకెళ్లే దారిలో పోతే దానికి మనీ పాలసీ. రాత్రి పూట నగదు బీరువాలో కాదు, తాళం వేసిన సేఫులో ఉండాలి. తాళంచెవి అదే గదిలో మేకుకు వేలాడకూడదు.

ప్రశ్న: టిఫిన్ సెంటరు నడుపుతున్నాను. ఆరుగురు పనివాళ్లు. ఒకతని చేతి మీద నూనె పడింది. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. ఇది నా బాధ్యతేనా?
— పరకాల

జవాబు: అవును, బాధ్యత మీదే, మీరు చేసింది సరైన పని. పనిలో గాయపడినవారికి యజమాని పరిహారం ఇవ్వాలన్న నియమం 1923 నుంచి చట్టంలో ఉంది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఈఎస్ఐ ఆ బరువు మోస్తుంది. మీకు ఆరుగురే కాబట్టి ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకోండి. నిజంగా ఇచ్చే జీతాలే అందులో రాయండి, తక్కువ చూపితే పరిహారంలో తేడా మీ జేబులోంచి పోతుంది. వైద్య ఖర్చులు కూడా కావాలని అడిగి చేర్పించుకోండి. బాండీ పొయ్యిని నడిచే దారికి దూరంగా జరపండి.

ప్రశ్న: మా చిన్న ప్రింటింగ్ ప్రెస్ క్లెయిమ్ తిరస్కరించారు. లాయరు ఖర్చు భరించలేను. ఎక్కడికి వెళ్లాలి?
— జమ్మికుంట

జవాబు: ముందు అదే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర లేదు. ఒక్కరి యాజమాన్యంలోని వ్యాపారాలు, సూక్ష్మ పరిశ్రమలు వెళ్లవచ్చు, కాబట్టి ప్రెస్ మీ పేరున ఉంటే సరిపోతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉంటే ఆ పత్రం కూడా జతచేయండి. 50 లక్షల రూపాయల వరకు ఆయన తీర్పు ఇవ్వగలరు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో అదే విషయంపై కేసు వేసి ఉంటే మాత్రం ఆయన తీసుకోరు.

సంఘాలకు, ఇతర సంస్థలకు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ల గడువు. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కాబట్టి మీరు వినియోగదారు కారు అని కంపెనీ తరఫున అంటారు. నష్టం నుంచి రక్షణ కోసం తీసుకున్న బీమా లాభం కోసం చేసిన వ్యాపారం కాదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ మాట మీ ఫిర్యాదులో రాయండి.

ఈలోగా కంపెనీ కొంత మొత్తం ఇచ్చి పూర్తిగా తీరిపోయినట్టు వోచరు మీద సంతకం అడిగితే తొందరపడకండి. అవసరం కొద్దీ డబ్బు తీసుకోక తప్పకపోతే, ఈ మొత్తానికి ఒప్పుకోవడం లేదని అదే రోజు ఈమెయిల్ పంపి, దాని నకలు దాచుకోండి.